ఆవృత్తిలో ఆవృత్తి: సాంచా నుండి సర్వరు వరకు

కోరుట్లలో బీడీలు చుట్టుకొని జీవించు స్త్రీ యొకతె, తన పేరు పింఛను జాబితాలో ఉన్నదో లేదో తెలిసికొనుటకు మీసేవా కేంద్రమునకు పోయినదనుకొందము. నిర్వాహకుడు తెరపై మొదట జిల్లాను, పిదప మండలమును, ఆ పిదప గ్రామమును ఎన్నుకొనును. క్షణకాలములో ఆ గ్రామపు పేర్లన్నియు వరుసగా కనిపించును. ఆమె పేరు ఉండవలసిన చోట ఉన్నచో సంతోషము. లేనిచో ఆమె మాట వినువారెవరు? “కంప్యూటరులో లేదమ్మా” అను ఒక్క మాటతో ఆమె ఇంటిదారి పట్టవలసినదే.

కాని ఆ పుటను ఎవరును చేతితో వ్రాసి యుంచలేదు. అడిగిన క్షణమున, ఎచ్చటనో దూరముగా నున్న సర్వరు అను యంత్రము దానిని కూర్చి పంపినది. ఆ కూర్పులో కీలకమైన పని యొకటి కలదు. ఒక జాబితాలోని మొదటి అంశమును తీసికొని, దాని లోపలనున్న మరియొక జాబితాను ఆద్యంతము చదివి, మరల మొదటి జాబితాలోని రెండవ అంశమునకు వచ్చుటయే ఆ పని. దీనిని ఆవృత్తిలో ఆవృత్తి యనవచ్చును. కంప్యూటరు విద్యార్థులు నెస్టెడ్ లూప్ అందురు. ఈ చిన్న ఉపాయము ఒక్కనాడు పుట్టినది కాదు. మగ్గములో మొలకెత్తి, గణితములో పేరు పొంది, కచేరీ లెక్కలలో ముదిరి, గడచిన ముప్పది సంవత్సరములలో వెబ్ పుటలోనికి వచ్చినది. ఆ చరిత్రయు, అందలి చిక్కులును ఈ వ్యాసమున వివరింపబడుచున్నవి.

వేయి బీడీల లెక్క

బీడీల కూలి వేయింటికి ఇంత యని లెక్క. కట్టకు 25 చొప్పున కట్టినచో 40 కట్టలు వేయి బీడీలగును. లెక్క చూచువాడు ఒకటి నుండి వేయి వరకు ఏకబిగిని లెక్కింపడు. కట్టలో 25 నిండగానే కట్టల సంఖ్యను ఒకటి పెంచి, బీడీల లెక్కను మరల ఒకటితో ఆరంభించును. లోపలి లెక్క 25 దాటదు; బయటి లెక్క 40 దాటదు. రెండు చిన్న లెక్కలు కలిసి ఒక పెద్ద లెక్కను మోయుచున్నవి.

ఇందు గమనింపవలసిన నియమములు రెండు. మొదటిది, బయటి లెక్క ఒక్క అడుగు వేయునంతలో లోపలి లెక్క ఆదినుండి అంతము వరకు పూర్తి కావలెను. రెండవది, బయటి అడుగు పడిన ప్రతిసారియు లోపలి లెక్క మరల మొదటికి రావలెను. ఈ రెండవ నియమమును మరచినచో రెండవ కట్టలో 26వ బీడీ పుట్టును.

బీడీ కట్టలన్నియు సమానములు. కావున మొత్తము 25, 40ల గుణకారము. బతుకమ్మను పేర్చునపుడు లెక్క ఇట్లుండదు. క్రింది వరుసలో తంగేడు, గునుగు పూవులు ఎక్కువ పట్టును. పైకి పోవుకొలది వరుస చిన్నదగును. పేర్చువారు ప్రతి వరుసకును “ఇన్ని పూవులు” అని ముందుగా లెక్క వేసికొనరు. ఆ వరుస చుట్టు తిరిగి వచ్చువరకు పూవులు పెట్టి, తరువాతి వరుసకు పోవుదురు. ఎచ్చట ఆగవలెనో ఆ వరుసయే తెలుపును. ఇచ్చట మొత్తము గుణకారము కాదు, సంకలనము. మొదటిదానిని సంఖ్యల ఆవృత్తి యనియు, రెండవదానిని సముదాయముల ఆవృత్తి యనియు చెప్పవచ్చును. వెబ్ పుటలకు కావలసినది రెండవది. ఏలయనగా అన్ని మండలములలోను గ్రామముల సంఖ్య ఒకటిగా నుండదు.

మగ్గము నేర్పిన పాఠము

మానేరు తీరమునగల సిరిసిల్లలో ఏ వీధిలో నడచినను మరమగ్గముల చప్పుడు వినవచ్చును. వానిని అచ్చటివారు సాంచాలందురు. 2017 మొదలు కొన్ని సంవత్సరములపాటు తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ పండుగకు పంచిన చీరలు ఈ సాంచాలపై నేయబడినవి. సాదా నేతలో పని రెండే అడుగులు. పడుగులో ఒక పోగు విడిచి ఒక పోగు లేచును. నాడె పేకను ఈ వైపునుండి ఆ వైపునకు కొనిపోవును. తరువాత, లేచినవి దిగి దిగినవి లేచును; నాడె తిరిగి వచ్చును. ఈ రెండు అడుగులే గజములకొలది బట్టయగును. ఇది ఒంటి ఆవృత్తి.

అంచుపై పూవు కావలసినచో లెక్క మారును. ఏ పేకకు ఏ పోగులు లేవవలెనో వేరువేరుగా చెప్పవలసియుండును. పూర్వము మగ్గముపై ఒక సహాయకుడు కూర్చుండి త్రాళ్లు లాగుచుండెడివాడు. అతని పనిని కాగితమునకు అప్పగించు ప్రయత్నము ఫ్రాన్సు దేశమున లియోన్ పట్టణమందు జరిగినది. 1725లో బసీల్ బూషోన్ రంధ్రములుగల కాగితపు చుట్టను, 1728లో ఫాల్కన్ రంధ్రములుగల అట్టలను ఉపయోగించిరి. 1804లో జోసెఫ్ మరీ జకార్డ్ ఈ ఉపాయములను చేర్చి, నేతగాడు ఒంటరిగా నడుపుకొనగల యంత్రమును సిద్ధపరచెను. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట. రంధ్రమున్న చోట పోగు లేచును, లేనిచోట లేవదు.

ఈ యంత్రమున ఆవృత్తి రెండు విధముల కలదు. అట్టలను హారమువలె గ్రుచ్చి కొసలు కలిపినచో, చివరి అట్ట ముగియగానే మొదటి అట్ట వచ్చును. పూవు బట్ట పొడవునను మరల మరల ఏర్పడును. ఒకే కొక్కెమునకు సమాన దూరములలోనున్న అనేక పోగులను కట్టినచో, అదే పూవు బట్ట వెడల్పునను మరల మరల ఏర్పడును. పొడవున ఒక ఆవృత్తి, దాని ప్రతి అడుగులోను వెడల్పున మరియొక ఆవృత్తి. నేతగాడు ఒక్క పూవును మాత్రమే వర్ణించును; మిగిలిన పూవులను యంత్రము అల్లును. ఒక్కసారి వర్ణించి అనేకసార్లు పొందుట యను ఈ భావమే తరువాతి కథకంతటికిని మూలము.

పునరావృత్తి లేని నేత ఎంత ఖరీదైనదో ఒక ఉదాహరణమువలన తెలియును. 1839లో జకార్డ్ ముఖచిత్రమును పట్టుబట్టపై నేయుటకు 24,000 అట్టలు కావలసివచ్చినవి. మనుష్యుని ముఖములో ఏ భాగమును మరల రాదు. కావున ప్రతి పేకకును కొత్త అట్ట వలసినది.

చక్రములో చక్రము

ఆ పట్టుచిత్రపు ప్రతి యొకటి లండనులో చార్లెస్ బాబేజి యను గణితజ్ఞుని ఇంట ఉండెను. ఆయన 1830ల మధ్యకాలమునుండి విశ్లేషణ యంత్రమను మహాయంత్రమును రచించుచుండెను. దానికి ఆజ్ఞలిచ్చుటకు జకార్డ్ అట్టలనే ఎన్నుకొనెను. అది పూర్తిగా నిర్మింపబడలేదు. కాని దానిని గూర్చిన వ్రాతలు మిగిలినవి. ఇటలీ దేశీయుడగు మెనాబ్రియా 1842లో వ్రాసిన వ్యాసమును అడా లవ్‌లేస్ ఇంగ్లీషులోనికి అనువదించి, మూలముకంటె మిక్కిలి పెద్దవైన వివరణలను చేర్చి 1843లో ప్రకటించెను.

ఒకటికంటె ఎక్కువసార్లు జరుగు క్రియల సమూహమును ఆమె చక్రమనెను. ఒక చక్రమే మరల మరల జరిగినచో అది చక్రముయొక్క చక్రమగుననియు, ఇట్లు ఎన్ని అంతస్తులైనను పేర్చవచ్చుననియు గణిత సంకేతములతో చూపెను. అట్టలను వెనుకకు త్రిప్పి మరల వాడుకొనగలిగినచో, పెద్ద సమీకరణముల సాధనకు వలయు అట్టల సంఖ్య మిక్కిలి తగ్గునని వివరించెను. జకార్డ్ ముఖచిత్రపు 24,000 అట్టల సంగతి ఆమె వ్రాతలోనే కలదు. సాంచాకును సర్వరుకును గల బంధుత్వము కేవలము పోలిక కాదు, చరిత్రయందలి వాస్తవము.

ఫోర్ట్రాన్ నియమము

యంత్రము సిద్ధమగుటకు మరి నూరేండ్లు పట్టినది. 1950ల ఆరంభమున కంప్యూటరుకు ఆవృత్తిని చెప్పుట కష్టసాధ్యము. లెక్కను ఎచ్చట పెంచవలెనో, ఎచ్చట సరిచూడవలెనో, ఎచ్చటికి తిరిగి పోవలెనో ఒక్కొక్క యంత్రాజ్ఞగా వ్రాయవలెను. 1951 ప్రాంతమున జూరిక్ నగరమున హైన్జ్ రుటిస్‌హౌజర్ “ఇన్ని విలువలకు ఈ పని” అని ఒక్క వాక్యమున చెప్పు విధానమును ప్రతిపాదించెను. 1957లో ఐబీఎం సంస్థయందు జాన్ బాకస్ బృందము ఫోర్ట్రాన్ భాషను వెలువరించినది. అందలి డూ అను వాక్యము శాస్త్రజ్ఞులకు ఆవృత్తిని అరచేతిలో పెట్టినది.

ఫోర్ట్రాన్ కర్తలు ఆవృత్తిలో ఆవృత్తికి ఒక కట్టుబాటు విధించిరి. లోపలి ఆవృత్తి బయటిదానిలో సంపూర్ణముగా ఇమిడియుండవలెను. సగము లోపల, సగము వెలుపల ఉండరాదు. డబ్బాలో డబ్బా పట్టును గాని, ఒకదాని గోడను మరియొకటి చీల్చుకొని పోరాదన్నమాట. ఈ కట్టుబాటు ఎంత సహజమైనదో, లోకవ్యవహారము దానిని ఎంత సులభముగా ఉల్లంఘించునో ముందు తెలియగలదు.

ఫోర్ట్రాన్ ఆవృత్తి సంఖ్యలది. అనగా బీడీ కట్టలవంటిది. జాబితాలో జాబితా యను భావమును భాషకు పునాదిగా చేసినది, 1958లో జాన్ మెకార్తి ఆరంభించిన లిస్ప్. 1970ల మధ్యభాగమున ఎమ్.ఐ.టి.లో బార్బరా లిస్కోవ్ బృందము రచించిన క్లూ భాష, లెక్క ప్రసక్తి లేకయే సముదాయములోని అంశములను ఒక్కొక్కటిగా అందించు సాధనమును ఇచ్చెను. ఎచ్చట ఆగవలెనో సముదాయమే తెలుపునను బతుకమ్మ పద్ధతి ఇదియే.

కచేరీ నివేదికలు

శాస్త్రజ్ఞులకంటె ముందే గుమాస్తాలకు ఈ సమస్య తెలియును. మండలమువారీగా, గ్రామమువారీగా మొత్తములు వేయుట ప్రతి కచేరీలోను జరుగు పనియే. 1890 అమెరికా జనగణనకు హెర్మన్ హోలెరిత్ నిర్మించిన అట్టల యంత్రముల సంతతి, ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఈ పనిని నేర్చినది. అట్టలను ముందుగా వరుసక్రమమున పేర్చి యంత్రమునకు అందించెడివారు. శాఖ సంఖ్య మారిన క్షణమున యంత్రము ఆగి, ముగిసిన శాఖ మొత్తమును ముద్రించి, కొత్త లెక్క ఆరంభించును. 1959లో ఐబీఎం 1401 యంత్రమునకై వచ్చిన ఆర్పీజీ యను నివేదికల భాష ఈ పద్ధతినే అనుసరించినది. 1960లో ప్రకటితమైన కోబాల్ భాష, పట్టికలో పట్టికను వర్ణించు వీలు కల్పించినది. చాలకాలము దాని పట్టికలకు మూడు అంతస్తులే అనుమతి. 1985 ప్రమాణమున అవి ఏడైనవి.

భారతదేశమున, హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1969లో టీడీసీ-12 అను కంప్యూటరును వెలువరించినది. 1976లో జాతీయ సమాచార కేంద్రము ఏర్పడెను. 1980ల ద్వితీయార్ధమున అది నిక్‌నెట్ ద్వారా జిల్లా కేంద్రములను ఉపగ్రహముతో కలుపనారంభించెను. అంతవరకు కచేరీ అలమరలలోనున్న జాబితాలు మెల్లమెల్లగా యంత్రములలోనికి చేరినవి.

పుటలోనికి ప్రవేశము

టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధనాలయమున ప్రతిపాదించిన వెబ్, ఆరంభమున స్థిరమైన పుటల సముదాయము. వ్రాసి పెట్టినదే కనిపించును. 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్ఏ సంస్థవారు, పుటను అడిగినపుడు సర్వరు ఒక ప్రోగ్రామును నడిపి దాని ఫలితమునే పుటగా పంపు ఏర్పాటును చేసిరి. దాని పేరు సీజీఐ. పుట సజీవమైనది, కాని వ్రాయుట దుర్భరమైనది. పుటలోని ప్రతి పంక్తిని ప్రోగ్రాము లోపల “ఇది ముద్రింపుము, ఇది ముద్రింపుము” అని వ్రాయవలెను. రంగు మార్చవలెనన్నను ప్రోగ్రామరే దిక్కు.

ఈ పద్ధతిని తలక్రిందులు చేసినవారిలో ముఖ్యుడు రాస్మస్ లెర్‌డోర్ఫ్. ఆయన 1995 జూన్ 8న విడుదల చేసిన పీహెచ్‌పీ సాధనములు కాలక్రమమున, ప్రోగ్రాములో పుటకు బదులు పుటలోనే చిన్న చిన్న ఆజ్ఞలను పొదుగు భాషగా పెరిగినవి. అట్టి పుటను టెంప్లేటు అందురు. మారని భాగము యథాతథముగా వ్రాయబడియుండును. మారు భాగమున్న చోట ఆజ్ఞ యుండును. ముద్రిత దరఖాస్తులో చుక్కల గీతవలె ఈ ఆజ్ఞ పనిచేయును. అదే 1995లో వచ్చిన కోల్డ్‌ఫ్యూజన్, 1996లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఏఎస్పీ, 1999లో సన్ సంస్థ ఇచ్చిన జేఎస్పీ ఈ జాతివే. 2000లో వచ్చిన పీహెచ్‌పీ నాలుగవ రూపమున “ప్రతి అంశమునకు” అను అర్థముగల ఫర్‌ఈచ్ వాక్యము చేరినది. జేఎస్పీకి 2002లో అట్టి సాధనమే లభించెను. బీడీ కట్టల లెక్క పోయి, బతుకమ్మ వరుసల పద్ధతి వెబ్ పుటలో స్థిరపడెను.

ఒక చిన్న ఉదాహరణము

కోరుట్ల మండలమున అయిలాపూర్, పైడిమడుగు, మోహన్‌రావుపేట యను మూడు గ్రామములను, కథలాపూర్ మండలమున తాండ్రియాల, భూషణ్‌రావుపేట యను రెండు గ్రామములను తీసికొందము. టెంప్లేటును తెలుగున వ్రాసినచో ఇట్లుండును:

మండలముల జాబితాలోని ప్రతి మండలమునకు —
    మండలము పేరు ముద్రింపుము
    ఆ మండలమందలి ప్రతి గ్రామమునకు —
        గ్రామము పేరు ముద్రింపుము
    గ్రామములు ముగిసినవి
మండలములు ముగిసినవి

సర్వరు మొదట కోరుట్ల పేరు ముద్రించి, దాని మూడు గ్రామములను ముద్రించును. పిదప కథలాపూర్ పేరు, దాని రెండు గ్రామములు. మొత్తము 7 పంక్తులు. బయటి ఆవృత్తి 2 మారులు, లోపలిది రెండు మండలములకు కలిపి 5 మారులు నడచినది.

ఇందు “ఆ” యను ఒక్క అక్షరమునకు గల విలువను విద్యార్థులు గుర్తింపవలెను. “ఆ మండలమందలి” అనుటకు బదులు “గ్రామముల జాబితాలోని” అని వ్రాసినచో, ప్రతి మండలము క్రిందను ఐదు గ్రామములును వచ్చును. పంక్తులు 2 + 2 × 5 = 12 అగును. తాండ్రియాల కోరుట్ల క్రిందను కనిపించును. యంత్రము తప్పు పట్టదు; చెప్పినట్లు చేసినది. మండలము పేరును లోపలి ఆవృత్తిలో వ్రాసినచో మరియొక ముప్పు. అపుడు పేరు గ్రామమునకొకసారి చొప్పున ఐదుసార్లు అచ్చగును. అంతకంటె ప్రమాదము, గ్రామములు ఇంకను నమోదు కాని మండలము పేరు కూడ లేకుండ మాయమగును. లోపలి జాబితా శూన్యమైనచో లోపలి ఆజ్ఞలు ఒక్కసారియు నడువవు గదా. ఇందుకై స్మార్టీ, జాంగో మొదలగు టెంప్లేటు సాధనములలో “జాబితా ఖాళీగా నున్నచో ఇట్లు వ్రాయుము” అను ప్రత్యేక వాక్యము కల్పింపబడినది. “ఈ మండలమున నమోదులు లేవు” అని చెప్పుటకును, మౌనముగా నుండుటకును చాల భేదమున్నది.

క్రమసంఖ్యలతో మరియొక చిక్కు కలదు. లోపలి ఆవృత్తి తన లెక్కను తాను ఉంచుకొనును. బయటిది తన లెక్కను ఉంచుకొనును. రెండింటికి ఒకే పేరున్నచో లోపలిది బయటిదానిని కప్పివేయును. 2005లో విడుదలయైన జాంగో, లోపలి ఆవృత్తినుండి తల్లి ఆవృత్తి లెక్కను అడుగుటకు వేరుగా ఒక పేరును కల్పించినది. ఈ సాధనము అమెరికాలోని లారెన్స్ అను చిన్న పట్టణమున ఒక వార్తాపత్రిక కార్యాలయమందు పుట్టినది. దినదినము మారు వార్తల జాబితాలే దానిని పుట్టించిన అవసరము.

ప్రశ్నల వెల్లువ

1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన సంబంధ పట్టికల పద్ధతిలో జాబితాలో జాబితా యుండదు. మండలములకొక పట్టిక, గ్రామములకొక పట్టిక. ప్రతి గ్రామము ప్రక్కను దాని మండలపు గుర్తు వ్రాయబడియుండును. నిల్వకు ఇది శ్రేష్ఠము. పుటకు మాత్రము ఈ చదునైన పట్టికలనుండి మరల గూడులో గూడు కట్టవలెను.

అజాగ్రత్తగా వ్రాసినచో ఈ కూర్పు సర్వరును అలసటపాలు చేయును. రాజన్న సిరిసిల్ల జిల్లాలో 13 మండలములున్నవి. మండలముల జాబితాకై ఒక ప్రశ్న, పిదప ఒక్కొక్క మండలపు గ్రామములకై ఒక్కొక్క ప్రశ్న, మొత్తము 14. ఇంకొక అంతస్తు లోపలికి పోయి గ్రామ గ్రామమునకు కుటుంబములను అడిగినచో, ఎన్ని గ్రామములున్నవో అన్ని ప్రశ్నలు చేరును. అన్ని బయటి అంశములకు అన్ని ప్రశ్నలు, వానిపై ఒకటి. ప్రోగ్రామర్లు దీనిని “ఎన్-ప్లస్-వన్” దోషమందురు. పరీక్షించునపుడు రెండు మండలములతో పుట చురుకుగానే వచ్చును. ఒకే ఉదయము వేలమంది అడిగినపుడు అది కూలబడును.

పరిష్కారములలో ఒకటి మిక్కిలి ప్రాచీనము. రెండు పట్టికలను కలిపి, మండలపు వరుసలో పేర్చి, ఒకే ప్రశ్నతో తెచ్చుకొనుట. చదువుచుండగా మండలము మారిన చోట కొత్త శీర్షిక వేయుట. ఇది హోలెరిత్ సంతతి యంత్రములు చేసిన పనియే. కోల్డ్‌ఫ్యూజన్ భాషలో దీనికై ప్రత్యేక సదుపాయమే యుండెను. అయితే పాత నియమము కూడ వెంట వచ్చును. వరుస తప్పిన జాబితాను ఇచ్చినచో, మండలము మారినపుడెల్ల శీర్షిక పడి, ఒకే మండలము నాలుగు ముక్కలగును.

వేములవాడ చిక్కు

ఫోర్ట్రాన్ కట్టుబాటును లోకము పాటించునా యను ప్రశ్నకు సిరిసిల్ల, జగిత్యాల పటములే సమాధానము చెప్పును. నిజాము రాజ్యమున 1865లో సాలార్‌జంగ్ చేసిన జిలాబందీతో జిల్లా, తాలూకా అను అంతస్తులు స్థిరపడినవి. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు పిదప కరీంనగర్ జిల్లాలో ఉండెను. 1985లో తాలూకాలకు మారుగా మండలములు వచ్చినవి. 2008 నియోజకవర్గ పునర్విభజనలో వేములవాడ, కోనరావుపేట, చందుర్తి, మేడిపల్లి, కథలాపూర్ మండలములు వేములవాడ శాసనసభా నియోజకవర్గమున చేర్చబడినవి. అపుడు ఈ మండలములన్నియు కరీంనగర్ జిల్లాలోనివే. జిల్లాలో నియోజకవర్గము, నియోజకవర్గములో మండలము, మండలములో గ్రామము. గూడులో గూడు చక్కగా అమరినది.

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినవి. వేములవాడ, కోనరావుపేట, చందుర్తి రాజన్న సిరిసిల్ల జిల్లాకు పోయినవి. మేడిపల్లి, కథలాపూర్ జగిత్యాల జిల్లాకు పోయినవి. నియోజకవర్గము మాత్రము మారలేదు. ఒక డబ్బా గోడ మరియొక డబ్బాను చీల్చినది. జిల్లా లోపల నియోజకవర్గమును ఉంచి వ్రాసిన టెంప్లేటు ఇచ్చట చిక్కుపడును. ప్రతి నియోజకవర్గమునకు ఒకే జిల్లా యని భావించినచో, వేములవాడను సిరిసిల్ల క్రింద పెట్టవలెను. అపుడు కథలాపూర్ ఓటరు తనది కాని జిల్లాలో కనిపించును. లేదా ఆ జిల్లాకు చెందని మండలములను వడపోసినచో, ఆ ఓటరు ఎచ్చటను కనిపించడు.

ఇట్టి చోట పాటింపవలసిన సూత్రము సరళమైనది. గ్రామము ఒక్కటే, అది ఇమిడిన వృక్షములు రెండు. పాలన వృక్షమున అది మండలము ద్వారా జిల్లాకు చెందును. ఎన్నికల వృక్షమున పోలింగు కేంద్రపు భాగము ద్వారా నియోజకవర్గమునకు చెందును. రెండింటిని ఒకే గొలుసుగా బిగింపరాదు. పింఛను పుటకు మొదటి వృక్షమును, ఓటర్ల పుటకు రెండవదానిని నడువవలెను. ఆవృత్తిని వ్రాయుటకు ముందు, ఏది దేనిలో నిజముగా ఇమిడియున్నదో విచారింపవలెను. ఇది కంప్యూటరు జ్ఞానముకంటె స్థలజ్ఞానముతో ఎక్కువ సంబంధము గల పని.

టెంప్లేటుకు ఎంత తెలివి?

మరి ఈ విచారణను ఎచ్చట చేయవలెను? టెంప్లేటులోనా, వెలుపలనా? ఈ ప్రశ్నపై ప్రోగ్రామర్లలో చిరకాలముగా వాదము కలదు. దత్తాంశమును, దాని ప్రదర్శనమును వేరుపరచవలెనను సిద్ధాంతము 1979లో ట్రిగ్వే రీన్‌స్కౌగ్ జిరాక్స్ పరిశోధనాలయమున ప్రతిపాదించినది. 2004లో శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయమునకు చెందిన టెరెన్స్ పార్ ఒక పరిశోధన పత్రమున, టెంప్లేటుకు లెక్కలు కట్టు శక్తి నిచ్చినచో ఈ విభజన నిలువదని వాదించెను. 2009లో క్రిస్ వాన్‌స్ట్రాత్ రచించిన మస్టాష్ ఈ మార్గమున చాల దూరము పోయినది. అందు ఆవృత్తి యను ఆజ్ఞయే లేదు. జాబితా పేరు వ్రాసినచో చాలును, అంశములన్నియు వచ్చును. లోపలి పేరు వ్రాసినచో లోపలి జాబితా వచ్చును. అందు వాడు వంకర కుండలీకరణములు ప్రక్కకు వాల్చినచో మీసమువలె నుండుటచే ఆ పేరు కలిగెను.

రెండు పక్షములందును సత్యమున్నది. టెంప్లేటుకు ఏ శక్తియు లేనిచో చిన్న మార్పుకు కూడ ప్రోగ్రామరును బ్రతిమాలవలెను. అన్ని శక్తులున్నచో, పింఛనుకు ఎవరర్హులో అను నిర్ణయము రంగులు, శీర్షికలు దిద్దు పుటలో దాగి, సమీక్షించువారి కంటబడదు. ఆవృత్తులుండవచ్చును, నిర్ణయములుండరాదు, అనేకులు అంగీకరించు మధ్యమార్గమిది. గూడులో గూడును వెలుపలనే సిద్ధపరచి, టెంప్లేటుకు అందించినచో అది వరుసగా చదివి చూపును.

ఇట్లు వ్రాసిన పుటకు గల ప్రయోజనము, పటము మారినపుడు బయటపడును. చేతితో వ్రాసిన పుటలైనచో 2016 అక్టోబరున ఒక్కొక్కదానిని తిరగవ్రాయవలెను. టెంప్లేటుకు దత్తాంశములోని జిల్లా గుర్తులు మారినచో చాలును. తెలంగాణ భూదస్త్రములకై 2020 అక్టోబరు 29న ఆరంభమైన ధరణిలోను, దాని స్థానమున 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతిలోను భూమిని వెదకు త్రోవ జిల్లా, మండలము, గ్రామము, సర్వే నంబరు అను మెట్లదే. మెట్లు నాలుగు, ఏ మెట్టులో తప్పినను రైతుకు తన పొలము కనిపించదు.

చివరి పంక్తి

ఇపుడు కోరుట్ల స్త్రీ వద్దకు తిరిగి రావచ్చును. ఆమె పేరు తెరపై లేకపోవుటకు కారణములు రెండు. పేరు నమోదు కాకపోవచ్చును. లేదా పేరు యంత్రములో భద్రముగా నుండియు, ఆవృత్తి దోషముచే పుటలోనికి రాకపోవచ్చును. చూచువారికి రెండును ఒకటిగానే కనిపించును. కాని మొదటిదానికి దరఖాస్తు మందు, రెండవదానికి ప్రోగ్రాము దిద్దుబాటు మందు. రోగము తెలియక ఆమెచే మరల మరల దరఖాస్తు పెట్టించుట వ్యర్థము.

ఈ రెండింటిని వేరుపరచుటకు పాత గుమాస్తాలు ఎరిగిన ఉపాయమే నేటికిని ఉత్తమము. ప్రతి గ్రామపు జాబితా అడుగున పేర్ల సంఖ్యను, ప్రతి మండలము అడుగున గ్రామముల మొత్తమును ముద్రించి, దానిని పట్టికనుండి నేరుగా లెక్కించిన సంఖ్యతో సరిపోల్చవలెను. 7 పంక్తులుండవలసిన చోట 12 వచ్చినను, 6 వచ్చినను తప్పు వెంటనే బయటపడును. ఉపాధ్యాయులు తరగతిలో ఐదు గ్రామముల ఉదాహరణమును నల్లబల్లపై వ్రాసి, ఒక విద్యార్థిని బయటి ఆవృత్తిగాను, మరియొకరిని లోపలి ఆవృత్తిగాను నిలిపి పేర్లు చదివింపవచ్చును. లోపలి విద్యార్థి ముగించువరకు బయటి విద్యార్థి నోరు మెదపరాదు. బయటివాడు కదలిన ప్రతిసారియు లోపలివాడు ఆ మండలపు జాబితాను మొదటినుండి ఎత్తుకొనవలెను. చివర చదివిన పేర్లను లెక్కించి, బల్లపై నున్న పేర్లతో సరిచూచినచో పాఠము పూర్తియగును.